వంతెనకు కట్టిన తాడు

ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంది, కంచాలు నిండుతూనే ఉన్నాయి, మాట మాత్రం చచ్చిపోయింది! మారథాన్ నుంచి తిరిగొచ్చిన నాటి నుంచి ఆమె భర్తతో పెదవి విప్పలేదు. గుమ్మం దాకా వచ్చిన చెల్లెలిని లోపలికి రమ్మనలేదు. ముందుగదిలో మిషను ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫాంలు కుట్టుకుంటూ పోతోంది. మిషను చప్పుడు ఆగినప్పుడల్లా బస్సు డ్రైవరైన ఆ భర్త వంటింట్లోంచి ఆశగా తొంగి చూసేవాడు. అంతలో చప్పుడు మళ్ళీ మొదలయ్యేది. పరాయివాళ్ళు మోసం చేస్తే నాలుగు తిట్లు తిట్టి దులిపేసుకోవచ్చు. సొంతవాళ్ళే చేస్తే ఎవరితో చెప్పుకోవాలి... ఏమని చెప్పుకోవాలి?

వాళ్ళ తల్లి పోయేనాటికి ఆమెకు కొత్తగా పెళ్ళయింది. చెల్లెలు ఇంకా గౌన్లు వేసుకునే పిల్ల. మేడమెట్లు ఎక్కుతూ ఎక్కుతూ ఆయాసంతో కూలబడిన తల్లి మళ్ళీ లేవలేదు... అదీ ఆ పసిదాని కళ్ళముందే! అప్పటి నుంచి చెల్లెలిని తన దగ్గరే పెట్టుకుని కంటికి రెప్పలా పెంచింది. ఒక్కచోట కుదురుగా కూర్చోదని బావ ‘పిచ్చుక’ అని పిలిస్తే ఆ పేరే ఖాయమైపోయింది. పిచ్చుక పెరిగి పెద్దదై జిమ్ములో ట్రైనరైంది. అక్కేమో మిషను మీద కూర్చుని కూర్చుని ఒళ్ళు పెంచుకుంది, షుగరు తెచ్చుకుంది. నాలుగు మెట్లెక్కితే ఊపిరి అందేది కాదు. ఇక చుట్టాలందరిదీ ఒకటే పాట. అచ్చం తల్లి పోలికట, గుండె కూడా అదే అయ్యుంటుందట! పలకరించడానికి వచ్చినవాళ్ళు కూడా ఆ మాటే అని పోయేవారు. విన్నప్పుడల్లా ఆమెకు సగం ప్రాణం పోయేది.

అలాంటి మనిషిని చెయ్యి పట్టి లేపింది పిచ్చుకే. అబద్ధమెందుకు! మొదట వీధి చివరి దీపస్తంభం దాకా నడక. తర్వాత కాస్త నడక, కాస్త పరుగు. ఆ తర్వాత అంతా పరుగే. రొప్పు వస్తే వేగం ఎక్కువైనట్టు, హాయిగా పాట పాడుకోగలిగితే తక్కువైనట్టు, మాట్లాడగలిగితే సరిగ్గా ఉన్నట్టు అని నేర్పింది. అక్కను మాత్రం గడియారం పెట్టుకోనిచ్చేది కాదు. అంకెలు చూస్తే బెదిరిపోతావు, వేగం సంగతి నాకొదిలేసి నా భుజం చూస్తూ రా అనేది. ఆ మాట మీద అక్క ఎండలో, వానలో ఆ భుజాన్నే నమ్ముకుని పరిగెత్తింది. మందులు సగానికి తగ్గాయి. చివరికి గుండె డాక్టరమ్మ ఆమెను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, పరీక్షలన్నీ చేసి, నిక్షేపంలా ఉన్నారు, మారథాన్‌కు వెళ్ళండి అనేసింది. ఆమె ఆసుపత్రి బయట రోడ్డు మీదే ఏడ్చేసింది! ఆ చివరి గీత ఒక్కటి దాటితే చాలు... తల్లి గుండె తల్లిది, తన గుండె తనది అని ఆమె మనసు నమ్ముతుంది. అంతకుమించి ఆమె కోరిందేమీ లేదు.

మారథాన్‌లో ఒక నిబంధన ఉంది. రోడ్డు మీద మళ్ళీ బండ్లను వదలాల్సిన వేళకి, ఇక ఎవరూ పరిగెత్తి రాకుండా ఏటి వంతెనకు తాడు కట్టేస్తారు. అప్పటికి అక్కడికి చేరనివాళ్ళు వ్యాను ఎక్కాల్సిందే. ఆ రోజు పిచ్చుక భుజం ఎప్పటికన్నా మెల్లగా కదిలింది. అక్కకు ఊపిరి ఎంత తేలిగ్గా ఉందంటే, పాట పాడుకోవచ్చు! కాస్త వేగం పెంచుదామా అని అడిగింది. ఇంకా చాలా దూరముందక్కా, ఓపిక దాచుకో అంది పిచ్చుక. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే జవాబు. పెంచిన చేతులు కదా, నమ్మాయి... తీరా వంతెన దగ్గరికి వచ్చేసరికి తాడు కట్టేశారు!

ఆ తాడు పక్కనే ఆమె భర్త నిలబడి ఉన్నాడు. చేతిలో ఆమె ఇంటి చెప్పులు, పొడి తువ్వాలు. అందరి ఇళ్ళవాళ్ళూ ఏటికి అవతల, చివరి గీత దగ్గర మెడలు సాచి చూస్తుంటే, ఈయనకు ఇక్కడేం పని? ఆమె ఇక్కడే ఆగిపోతుందని ఈయనకు ముందే ఎలా తెలుసు? భర్త ముఖంలోకి చూసింది. చూపు తప్పించాడు. చెల్లెలి వైపు తిరిగింది. పిచ్చుక తల దించుకుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణాన అర్థమైంది! కాళ్ళలో ఇంకా ఎంతో బలం ఉంది. ఆ బలంతోనే వెళ్ళి వ్యానులో కూలబడి, దారి పొడవునా వెక్కి వెక్కి ఏడ్చింది.

ఈవేళ పిచ్చుక పిలవకుండానే లోపలికొచ్చి మిషను పక్కన నేల మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“బావనేమీ అనకక్కా. నిన్ను వంతెన దాటనివ్వొద్దని బావ అడిగాడు, నిజమే. కుదరదని నేను అనగలను. అనలేదు.”

మిషను ఆగింది. “డాక్టరమ్మ నీ ఎదురుగానే చెప్పింది కదే.”

“చెప్పింది. నా బుద్ధికి అన్నీ తెలుసు. కానీ అంత దూరమంటే... అమ్మ చెయ్యి నా చేతిలో ఉండగానే జారిపోయిందక్కా. నువ్వూ అలా...” పిచ్చుక తన అరచేతిని చూసుకుంది.

భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. తనకు తెలిసిన పని ఒకటేనని, దారిలో ప్రమాదం ఉందనిపిస్తే బ్రేకు మీద కాలు వేస్తానని గొణిగాడు.

“చెప్పా పెట్టకుండా బ్రేకేస్తే లోపలున్నవాళ్ళ తలలు పగులుతాయి. అది మీకొకరు చెప్పాలా?” అందామె. “భయంగా ఉందని నాతో అనుంటే ముగ్గురం కూర్చుని ఏడ్చేవాళ్ళం. చుట్టాలు నా గుండె పాడైందంటే మీరిద్దరూ ఉన్నారు కదా అని ఓర్చుకున్నాను. మీ మనసులోనూ అదే ఉందని తెలుసుకోలేకపోయాను.”

ఆమే లేచి, చెల్లెలిని లేపి, కొంగుతో ముఖం తుడిచింది. కడుపున పుట్టకపోయినా కడుపుతీపే మరి! ఆ చెయ్యి తగలగానే పిచ్చుక అక్క మెడ కావలించుకుంది, ఇక అంతా సర్దుకుందనుకుంది పాపం...

“ఈ ఇల్లు నీది. నీ కంచం నీకెప్పుడూ ఉంటుంది. పరుగు మాత్రం నీ దగ్గర నేర్చుకోను. రేపటి నుంచి వేరే ట్రైనరమ్మ వస్తోంది.”

చెంప మీద కొట్టినా పిచ్చుక అంత విలవిలలాడేది కాదు. ఆమె తొలి శిష్యురాలు అక్కే. జిమ్ముకు కొత్తగా వచ్చినవాళ్ళందరికీ మా అక్కను చూడండి అని చెప్పుకుని మురిసిపోయే పిల్ల! ఒక్క అవకాశం ఇమ్మని బతిమాలింది, కాళ్ళు పట్టుకోబోయింది.

అక్క ఆ చేతులు పట్టుకుని ఆపింది. “నా కళ్ళల్లోకి చూసి చెప్పు. మళ్ళీ నీతో పరిగెత్తితే నువ్వు వేగం తగ్గించవా?”

పిచ్చుక నోరు తెరిచింది. అబద్ధం రాలేదు, నిజం చెప్పే ధైర్యమూ రాలేదు. కన్నీళ్ళే వచ్చాయి. ఆ కన్నీళ్ళు చూశాక అక్కకు కోపం ఎటు పోయిందో పోయింది. బాధ మాత్రం అలాగే ఉండిపోయింది.

“మరి నేనేం చెయ్యనక్కా?”

“మళ్ళీ ఏడాది మీరిద్దరూ వెళ్ళి చివరి గీత దగ్గర నిలబడండి.”

భర్త గొంతు సవరించుకున్నాడు. నీకు ఆలస్యమైతే ఎంతసేపు చూడమంటావని భయం భయంగా అడిగాడు.

“నేనొచ్చేదాకా,” అందామె.