అనంతగిరి ఓటు

“వరహాలరావు సోమవారం మద్రాసు చేరకూడదు” అన్నాడు మేజర్ క్రెయిన్, వాల్తేరు బంగళాలో కిటికీ తెర లాగుతూ.

గూఢచారి డిపార్ట్‌మెంట్ ఏజెంట్ కొండబాబు పైఅధికారి ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు. అది 1927. ఏజెన్సీ అడవులను విదేశీ టింబర్ సిండికేట్‌కు లీజుకిచ్చే బిల్లు మద్రాసు కౌన్సిల్లో ఓటింగుకు వస్తోంది. రెండు పక్షాల బలం దాదాపు సమానం.

“అతను అధికార పార్టీ మెంబరు. సిండికేట్ కొనేసింది. వస్తే బిల్లు నెగ్గుతుంది.” క్రెయిన్ ఫౌంటెన్ పెన్ ఒకటి అందించాడు. అందులో ఉన్నది సిరా కాదు, మత్తుపొడి. “ప్రాణానికేం కాదు. నిద్రపోతాడంతే.”

కొండబాబు ఖాకీ చొక్కా, తలపాగాతో అనంతగిరిలో వరహాలరావు దగ్గర డ్రైవర్‌గా చేరాడు. ఒకనాడు పెదబయలు దారిలో సోంబరు అనే కొండరైతు కారు ఆపాడు.

“అడివి కంపినీకి ఇచ్చేత్తే మేం ఏటి తినాల బాబూ? పోడు సెయ్యనివ్వరు, ఇస్తర్లకి అడ్డాకు కొయ్యనివ్వరు.”

వరహాలరావు పోనిమ్మని సైగ చేశాడు. కారు కదిలాక అన్నాడు: “పార్టీ నిలబెడితే గెలిచాను. పార్టీ బిల్లుకు అవునంటోంది. కాదంటే మావాళ్ళు వెలేస్తారు, అవునంటే వీళ్ళ ముఖం చూడలేను. నువ్వైతే ఏం చేస్తావోయ్?”

“నాకేటి తెల్సు బాబూ, బండి తోలీవోణ్ణి.”

అమ్ముడుపోయినవాడు ఇలా మథనపడతాడా? ఆ అనుమానం కొండబాబును రాత్రంతా పీడించింది. అయినా ఆర్డర్ ఆర్డరే. శనివారం పొద్దున్నే కాఫీలో పెన్ను దులిపాడు.

“నీ చేతి కాఫీ తాగితేగాని నాకు తెల్లవారడం లేదు” అంటూ వరహాలరావు కప్పు ఖాళీ చేశాడు. కొండబాబు తల తిప్పుకున్నాడు.

అప్పుడే, అనంతగిరిలో బసచేసిన సిండికేట్ దొర సెక్రటరీ సరళ వరండా మెట్లెక్కింది. జార్జెట్ చీర, నల్లకళ్ళద్దాలు.

“అడ్డాకులు తడిశాయా?”

డిపార్ట్‌మెంట్ కోడ్! కొండబాబు ఉలిక్కిపడ్డాడు. “ఎండ కాస్తే ఆరతాయి.”

“నన్ను సిండికేట్‌లోకి పంపింది ఢిల్లీ హెడాఫీసు. క్రెయిన్ ఆ సిండికేట్ మనిషే. వరహాలరావుగారు బిల్లుకు ఎదురు తిరుగుతారని వాళ్ళకు భయం. ఆయన రాకపోతే ఓట్లు సమానం, అప్పుడు కౌన్సిల్ ప్రెసిడెంట్ వేసే ఓటు వాళ్ళకే.” ఆమె చూపు కప్పు మీద పడింది. “తాగేశారా?”

కొండబాబు ఉప్పు కోసం లోపలికి పరుగెత్తాడు.

ఉప్పునీళ్ళు పట్టించి కక్కించారు. అయినా కొంత మత్తు ఒంటికి పట్టనే పట్టింది. ఆయన్ని కారులో పడుకోబెట్టగానే సరళ హ్యాండ్‌బ్యాగ్ తట్టింది.

“సిండికేట్ కారు స్టార్టవ్వడానికి కావలసిన మాగ్నెటో పీకి ఇందులో పెట్టాను. వాళ్ళు వెంటపడలేరు. బేగి తోలు!”

పని అయిందో లేదో చూసుకోవడానికి వాల్తేరు నుంచి వస్తున్న క్రెయిన్, ఘాట్ చివరి మలుపులో వాళ్ళ కారు చూసి దారికి అడ్డంగా నిలబడి పిస్తోలు ఎత్తాడు. కొండబాబు బ్రేకు మీద కాలు పెట్టలేదు. గుండు అద్దాన్ని పగలగొట్టింది. క్రెయిన్ ముళ్ళపొదలోకి దూకాడు.

విజయనగరంలో కదులుతున్న మద్రాసు మెయిల్‌లోకి ఇద్దరూ కలిసి మెంబరును ఎత్తి పడేశారు; కొండబాబూ వెంట ఎక్కాడు.

దారిలో వరహాలరావు కళ్ళు తెరిచాడు. “మన్యం జ్వరం కాబోలు. నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణో, తమ్ముడూ.”

‘కాఫీలో మత్తు కలిపింది నేనే’ అనుకున్నాడు కొండబాబు. తడిగుడ్డతో ఆయన నుదురు తుడిచాడు.

“పార్టీ పొమ్మంటే బయటికి పోతాను” అన్నాడు వరహాలరావు నెమ్మదిగా. “అడివి పొమ్మంటే సోంబరు ఎక్కడికి పోతాడు?”

కౌన్సిల్ హాలు తలుపులు మూస్తుండగా ఆయన కొండబాబు భుజం వదిలి, తూలుతూ లోపలికి నడిచాడు. బయట కొండబాబు గోడకానుకుని చెవులు రిక్కించాడు. కాసేపటికి లోపల గగ్గోలు. ఒకే ఒక్క ఓటు తేడాతో బిల్లు ఓడిపోయింది.

తలుపులు తెరుచుకున్నాయి. వరహాలరావు వరండాలోకి వచ్చాడు. వెనకాలే పార్టీ విప్ ఊగిపోతూ పరుగెత్తుకొచ్చాడు.

“ద్రోహీ!”

తననే పిలిచినట్టు కొండబాబు చటుక్కున వెనక్కి తిరిగాడు.