రూరీ అడిగిన తాడు

నవంబరు మధ్యాహ్నం. సముద్రంలో సాల్మన్ చేపలు పెంచే బోనుల దగ్గర పనివాళ్లని దించేసి, మోర్వెన్ పడవని ఇంటిదారి పట్టించింది. వెనక సీట్లో ఆమె అన్న లాక్లన్ ఫ్లాస్కులోంచి టీ వంపుకుంటున్నాడు.

“మెల్లిగా పోనీవే, పళ్లు రాలిపోతున్నాయి.”

“నేవీవాళ్లు పదేళ్లు అలలకేసి బాదినా చెక్కు చెదరలేదు ఈ పడవ. నీ పళ్లదే తప్పు!”

అడుగు గట్టిగా, చుట్టూ గాలి నింపిన లావుపాటి రబ్బరుతో ఉండే ఆ పాత సైనిక పడవని మోర్వెన్, ఆమె భర్త రూరీ, లాక్లన్ ముగ్గురూ కలిసి వేలంలో కొన్నారు. రూరీ సముద్రంలో మునిగి ఆల్చిప్పలు ఏరేవాడు. లాక్లన్ పైన పడవ చూసుకునేవాడు. కిందటేడు ఒకరోజు లాక్లన్ ఒక్కడే తిరిగొచ్చాడు. “పైకి తేలనే లేదు చెల్లీ. మూడు గంటలు వెతికాను” అని ఆమెని పట్టుకుని భోరున ఏడ్చాడు. అప్పటినుంచీ ఆమెకి కొండంత అండ అతనే.

మూడింటికల్లా మంచు కమ్మేసింది. ఎదురుగా ఉన్న దీవి మాయమైంది. పడవలకి దారి తెలియడానికి నీళ్లమీద తేలుతూ మోగే గంట చప్పుడు ఎటునుంచి వస్తోందో విందామని మోర్వెన్ ఇంజిన్ ఆపింది.

గంట వినబడలేదు. తడి రబ్బరు వాసన, నాచు వాసన.

టప్... టప్...

రబ్బరుని బయటినుంచి ఎవరో అరచేత్తో తడుతున్నారు. తర్వాత నీళ్లు మింగుతూ ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు.

“బావా... తాడు వెయ్యి.”

రూరీ గొంతు!

మోర్వెన్ గిరుక్కున వెనక్కి తిరిగింది. లాక్లన్ చెవులు మూసుకుని ఉన్నాడు. అతని మొహంలో భయముంది కానీ, ఆశ్చర్యం లేదు.

“వెయ్యకే...” గుసగుసలాడాడు. “ఆరోజూ ఇలాగే అడిగాడు.”

“ఆరోజా?”

“గాలి లేచింది... పడవని అతనివైపు తిప్పితే ఇద్దరం పోతామనుకున్నాను.”

“మూడు గంటలు వెతికానన్నావు?”

అతను పడవ అంచుకి దూరంగా జరిగాడు.

“ఏడాదిగా నా చేతి అన్నం తిన్నావు కదరా! రూరీ కుర్చీలో కూర్చుని తిన్నావు!”

ఆమె తాడు తీసి మంచులోకి విసిరింది. తాడు బిగిసింది. పడవ అటువైపు ఒరిగింది. ఎంత లాగినా పైకి ఎవరూ రాలేదు. ఉన్నట్టుండి తాడు వదులైంది... పడవ మాత్రం సరిగ్గా నిలవలేదు. లాక్లన్ కూర్చున్న వెనకవైపుకి వాలి, బరువుగా ఉండిపోయింది.

ఆమె మళ్లీ ఇంజిన్ వేసి, మంచులో మెల్లిగా రేవు చేరింది. పడవ కట్టేసి ఒడ్డెక్కింది.

“దిగు. పోలీసులకి నువ్వే చెప్పు.”

“చెబుతాను. కానీ... దిగలేకపోతున్నాను చెల్లీ.”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అతని వెనక ఎవరూ లేరు. అతను వేసుకున్న లైఫ్ జాకెట్ మాత్రం రెండు భుజాల దగ్గరా నలిగి ఉంది, ఎవరో వెనకనుంచి పిడికిళ్లతో పట్టుకున్నట్టు.

ఆమె చూస్తుండగానే ఆ ముడతలు ఇంకా బిగుసుకున్నాయి.