వెండి మందు పెట్టిన అరచెయ్యి

ఆకు కషాయం కాచడంలో మా ల్యాబులో నన్ను మించినవాడు లేడు. చదివింది ఏడో తరగతే. అయినా జామాకు కడిగి, మరిగించి, వడగట్టి, వెండి ఉప్పు కలిపిన నీళ్ళలో పోస్తే చాలు, నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి. కంటికి ఆనని వెండి నలుసులు పుట్టాయన్నమాట! సూక్ష్మజీవుల్ని చంపేది అవే. అది చూసినప్పుడల్లా చప్పట్లు కొడతాను, సిగ్గులేకుండా.

"బాబాయ్, నీ కషాయం వాసనకే నేను పోయేట్టున్నాను" అనేవారు మా ల్యాబు నడిపే మేడం.

"మందు మీకు కాదమ్మా, పురుగులకి."

ఒక సెలవురోజు మా అమ్మాయిని తీసుకొచ్చాను. ఎనిమిదేళ్ళది. నోరు మూతపడదని పిచ్చుక అంటాం. ఆడుతూ పడి అరచేతికి చిన్న గీరు తగిలించుకుంది. మేడం సరదాకి ఒక ప్లేటులో జెల్లీ మీద దాని చెయ్యి అద్దించారు. రెండ్రోజులకి ఆ ముద్రలో సూక్ష్మజీవులు తెల్లగా పెరిగాయి, ఐదు వేళ్ళూ అచ్చు దించినట్టు.

"నాన్నా, నా చెయ్యి మొలిచింది!"

ఆ గీరులోంచే విషం ఒళ్ళంతా పాకింది. ఏ మందూ పనిచెయ్యలేదు. పదకొండు రోజులంతే.

ఆ ప్లేటు నేను పారెయ్యలేదు. టేపు చుట్టి ఫ్రిజ్ వెనక అరలో దాచాను. నా బిడ్డకి సంబంధించి ఇంకా ప్రాణంతో ఉన్నది అదొక్కటే మరి.

రెండు నెలలకి, ఒక శనివారం, ఆ ప్లేటు మేడం కంటపడింది. తిట్టలేదు.

"బాబాయ్... పిల్లని తీసుకుపోయింది ఇదే. మనం మందు కాస్తున్నదీ దీనికే."

"తెలుసమ్మా."

"ఉంచకూడదు. ఒక్కసారి మన మందు పెట్టి చూసి, తర్వాత నాశనం చేసేద్దాం."

"నేనే పెడతానమ్మా."

మందులో తడిపిన కాగితం బిళ్ళ అరచేతి ముద్ర మధ్యలో పెట్టాను. మళ్ళీ టేపు చుట్టి, అదే పురుగుని పూసి బిళ్ళలు పెట్టిన మిగతా ప్లేట్లతో పాటు, సూక్ష్మజీవుల్ని పెంచే వెచ్చటి బీరువాలో ఉంచాను.

ఆదివారం పొద్దున ఒక్కణ్ణే వెళ్ళాను. బల్లల మీద ఎండ పరుచుకుని ఉంది. బయట ఎవరో కారు కడుగుతున్నారు. గదంతా మరిగిన ఆకు వాసన. దాని కింద ఇంకో వాసన... జ్వరంతో కాలే పసి ఒంటి వాసన. పదకొండు రోజులు పీల్చినవాణ్ణి, పొరపడను.

బీరువాలోంచి చప్పుడు.

టక్... టక్...

తలుపు తీశాను. ఆగిపోయింది.

మిగతా ప్లేట్లన్నిట్లో బిళ్ళ చుట్టూ శుభ్రంగా, గుండ్రంగా ఖాళీ. మందు పనిచేసింది! చప్పట్లకి లేచిన చేతులు అక్కడే ఆగిపోయాయి. రెండు నెలలు... రెండు నెలల ముందే ఇలా కుదిరేలా కాచి ఉంటే...

ఆఖరున పిచ్చుక ప్లేటు తీశాను.

అరచెయ్యి లేదు.

పిడికిలి ఉంది. తెల్లగా, గట్టిగా బిగించి. కాగితం బిళ్ళ ఎక్కడా లేదు. చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది.

"ఆలస్యం చేశాను తల్లీ..." అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

మూత లోపలివైపు, ఎవరో ఊపిరి ఊదినట్టు, గోరంత ఆవిరి మరక. నేను చూస్తుండగానే అది చిన్నదైంది.

పెద్దదైంది.

మళ్ళీ చిన్నదైంది...