తగలకుండానే కోసే తీగ

అశోక్ నగర్‌లో హాస్టళ్ళ సందు దాటితే విద్యాసాగర్ ఇల్లు. ఇంటి వెనక రేకుల గది. మధ్యాహ్నం మూడే అయినా ముసురుకు లోపలంతా మసక. తడిసిన ఇనుము వాసన, పక్క మెస్సు నుంచి పోపు వాసన, రేకుల మీద చినుకుల టపటప.

గది నడుమ అద్దాల తొట్టి. ఆ నీళ్ళల్లో నిలువునా బిగించిన ఇత్తడి తీగ, తలవెంట్రుకంత సన్నం. కరెంటు పెడితే తీగకూ ఇనుప ముక్కకూ నడుమ నీలం రవ్వలు దూకుతాయి. రవ్వ దూకిన చోటల్లా ఇనుము పొడిలా రాలిపోతుంది. తీగ ఇనుమును తాకనే తాకదు, కోత మాత్రం పడుతుంది. లోకంలో ఇట్లాంటివీ ఉంటాయి మరి.

ఇది కంపెనీ మిషన్ కాదు. విద్యాసాగర్, నాగేందర్ కలిసి రెండేళ్ళు పాత సామాన్లు ఏరుకొచ్చి చేసుకున్నారు. నాగేందర్ ఇరవై ఏడేళ్ళవాడు, సర్కారు నౌకరీ పరీక్షలకని ఊరి నుంచి వచ్చాడు. "గ్రూప్ టూ రాస్తనని వచ్చి ఇనుము కోస్తున్నవేందిర" అని హాస్టల్ దోస్తులు ఎక్కిరిస్తే నవ్వి ఊరుకునేవాడు.

ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. తొట్టిలో చెయ్యి పెట్టేవాడు "బందా?" అని అడగాలి. స్విచ్ దగ్గరున్నవాడు స్విచ్‌ను కళ్ళారా చూసి "బంద్" అనాలి. ఆ మాట వినందే చెయ్యి నీళ్ళల్లోకి పోకూడదు.

మూడు నెలల కింద నాగేందర్ అడిగాడు. విద్యాసాగర్ ఫోన్ చూసుకుంటూ, తల ఎత్తకుండానే "బంద్" అన్నాడు. స్విచ్ బంద్ కాలేదు. నాగేందర్ ప్రాణం పోయింది.

నాగేందర్ అడగకుండానే చెయ్యి పెట్టాడని విద్యాసాగర్ అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు.

ఇవాళ మిషన్ పూర్తయింది. తీగకు ఏదన్నా అడ్డం తగిలితే అదంతట అదే వెనక్కి జరిగేట్టు నాగేందర్ ఎప్పుడో అమర్చి పెట్టాడు. కోత మొదలైన రెండు నిమిషాలకు తీగ వెనక్కి జరిగింది. ముందుకొచ్చింది... మళ్ళీ వెనక్కి. నీళ్ళు తేటగా ఉన్నాయి. తీగ పక్కన ఏమీ లేదు.

విద్యాసాగర్ స్విచ్ ఆపి చెయ్యి చాపాడు. అలవాటు చొప్పున నోటి నుంచి మాట జారింది.

"బందా?"

ఎవరూ లేని గది... కాసేపు చినుకుల చప్పుడే.

"బంద్."

మెల్లగా. స్విచ్ బోర్డు దగ్గర నుంచి.

నీటికి అంగుళం పైన అతని వేళ్ళు ఆగిపోయాయి. తల తిప్పి చూశాడు. తాను ఆపిన స్విచ్... వేసి ఉంది.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. నాగేందర్ తల్లి సత్తవ్వ. హాస్టల్‌లో మిగిలిన కొడుకు బట్టలు తీసుకుపోవడానికి వచ్చిందట. ఊళ్ళో వాణ్ణి సోయి లేనోడంటున్నారట, ఆ మాట మోయలేకపోతున్నదట. ఆరోజు అడిగాడా, అడగలేదా, అదొక్కటి చెబితే చాలు, పోతానంది.

నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి గడియ రాదని అతనికి తెలుసు.

"అడగలే, అవ్వా."

సత్తవ్వ గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"దినాం ఫోన్ల చెప్పెటోడు బిడ్డా. బందా అని అడగంది చెయ్యి పెట్టనే, భయపడకు అని." తొట్టి దగ్గరికి నడిచింది. తడి కొంగు నడుముకు చెక్కుకుంది. "ఇప్పుడు నేనడుగుతున్న. బందా?"

విద్యాసాగర్ గోడ దగ్గరికి ఉరికి ప్లగ్గే పీకేశాడు. అతను నోరు తెరవకముందే ఎవరో "బంద్" అన్నారు...

ఆమె చెయ్యి నీళ్ళల్లో మునిగింది.

ప్లగ్గు అతని ఎడమ చేతిలోనే ఉంది. అయినా తీగ కదిలింది. ఆమె వేళ్ళ చుట్టూ నీలం రవ్వలు... ఒకటి... పది... చప్పుడు లేకుండా. ఆమె ఉలకలేదు.

"ఎవరో చెయ్యి పట్టుకున్నరు" అంది గుసగుసగా.

"నాగేందరా, అవ్వా?"

"ఊహు. నా కొడుకు చెయ్యి నేనెరుగనా..." నీళ్ళల్లో తడిమి చూసింది. "ఇది నీదే, బిడ్డా."

విద్యాసాగర్ కిందికి చూసుకున్నాడు. తొట్టికి నాలుగడుగుల దూరంలో, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా కుడి చెయ్యి మోచేయి దాకా తడిసి, నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి... విప్పుదామంటే రావడం లేదు.