నేల మీద చుక్క

పొద్దున్నే కాఫీ గ్లాసులు కడిగేసరికే ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు మొదలైంది. ఆ ఇంటికి ముందుగదే కొట్టు. ఆసుపత్రులకు తెల్లకోట్లు కుట్టివ్వడం వాళ్ల వృత్తి. టైలరు పని చేసే ఇంటాయన చనిపోయి ఏడాది దాటింది. ఇప్పుడు కూతురు చిన్ని కుడుతుంది, తల్లి గుండీలు వేస్తుంది, కొడుకు బండి మీద తీసుకెళ్లి ఇచ్చొస్తాడు.

"చిన్నీ, ఆ వేళ్లకి మళ్లీ ప్లాస్టర్లేంటే?" అంది తల్లి.

"సూది గుచ్చుకుందమ్మా."

"కోట్లు కుడుతున్నావా, వేళ్లు కుట్టుకుంటున్నావా?" వంటింట్లోంచి కోడలు నవ్వింది.

తల్లి కూడా నవ్వబోయి ఆగిపోయింది. చిన్ని మొహం పాలిపోయి ఉంది. కొన్నాళ్లుగా తల్లిని ఇంకో సంగతి కూడా తొలుస్తోంది. ఇన్నిసార్లు వేళ్లు తెగుతున్నాయి కదా, తెల్లగుడ్డ మీద గానీ నేల మీద గానీ ఒక్క మరకైనా పడదేం?

అంతలో మూడేళ్ల మనవరాలు గుమ్మం తట్టుకుని బోర్లా పడింది. కుదురుగా ఒకచోట ఉండదని దాన్ని అందరూ పిచ్చుక అంటారు. మోకాలు చెక్కుకుపోయింది. తల్లి లేచేలోపే చిన్ని మిషను వదిలి ఒక్క ఉరుకున వెళ్లింది. పిల్లని ఎత్తుకోలేదు. వంగి, కారుతున్న మోకాలికి నోరు ఆనించింది.

ఊదుతోందేమో అనుకుంది తల్లి. ఊదడం కాదు. చిన్ని గొంతు కదులుతోంది. గుటకలు పడుతున్నాయి.

"రాక్షసీ! వదులు నా పిల్లని!" కోడలు అరుస్తూ వచ్చి పిచ్చుకని లాక్కుంది.

చిన్ని తలెత్తింది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా..." అంటూ ఒక అడుగు ముందుకు వేసింది.

తల్లి ఒక అడుగు వెనక్కి వేసింది.

చిన్ని ఆ అడుగు చూసింది. ముందుగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

కొడుకు భోజనానికి వచ్చాడు గానీ అన్నం ముట్టలేదు.

"ఈ ఇంట్లో తనైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అంది కోడలు. "పిల్ల నిద్రలో ఉండగా మెడ మీద పడితే? మీరు అడ్డం వస్తారా అత్తయ్యా? ఇందాక చూశాగా, మీరే వెనక్కి జరిగారు!"

"ఎక్కడైనా చేర్పిద్దామమ్మా," అన్నాడు కొడుకు. " తలుపులకి తాళాలుండే చోట."

"అది నీ చెల్లెలురా!"

"చెల్లెలే. కానీ దాన్ని చూస్తే భయమేస్తోంది. నీకు లేదూ?"

తల్లి లేచి ముందుగది తలుపు దగ్గరికి వెళ్లింది. తట్టబోయి చెయ్యి దించేసుకుంది. లోపల చడీచప్పుడూ లేదు. కత్తెరలన్నీ లోపలే ఉన్నాయి, బ్లేళ్లూ లోపలే ఉన్నాయి. అది గుర్తొచ్చేసరికి ఆమె మళ్లీ చెయ్యెత్తి తలుపు తట్టింది. అప్పటిదాకా కూతుర్ని చూసి భయపడింది. ఇప్పుడు కూతురికి ఏమవుతుందోనని భయపడింది.

"గడియ తియ్యి చిన్నీ. నేనొక్కదాన్నే."

చాలాసేపటికి గడియ కదిలింది. తల్లి లోపలికి వెళ్లేసరికి చిన్ని గుడ్డలు కత్తిరించే బల్లెక్కి కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"నువ్వూ పైకి రామ్మా. అది కిందే ఉంది."

"ఏది?"

"నాన్న చెప్పేవాడుగా. సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకో, చుక్క కిందపడితే రాక్షసుడు లేస్తాడని."

తల్లికి తెలుసు. తెల్లగుడ్డకి మరకంటకుండా ఆ ఇంట్లో అందరూ చేసే పనే అది. పిల్ల మాట వినాలని ఆయన దానికో పురాణకథ తగిలించాడు. నేల మీద పడ్డ ఆ రాక్షసుడి ప్రతి రక్తపుచుక్కలోంచీ వాడిలాంటివాడే ఇంకొకడు లేచేవాడట. చివరికి అమ్మవారే నాలుక చాచి ఆ రక్తమంతా తాగేసిందట.

"ఈ బల్ల అంచు తలకి తగిలి నాన్న పోయినప్పుడు నేలంతా రక్తమేగా. నేను ఆపలేకపోయాను. అప్పుడు లేచిందమ్మా అది. అప్పట్నుంచి మళ్లీ చుక్క పడకుండా నేనే తాగేస్తున్నా. మొదట్లో వాంతొచ్చేది. ఇప్పుడు తాగకపోతే వణుకొస్తోంది. నేనే కోసుకుంటున్నా." చిన్ని వెక్కిళ్లు పెట్టింది. "పిచ్చుకని ఏం చెయ్యాలనుకోలేదమ్మా. దాని రక్తం కిందపడితే అది పిచ్చుకని కూడా..."

తల్లి సూదులు గుచ్చే చిన్న దిండులోంచి ఒక సూది లాగి తన వేలికి గుచ్చుకుంది.

"అమ్మా, వద్దు!"

చుక్క ఉబ్బి, వేలాడి, నేల మీద పడింది. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. మిషను కింద చీకట్లో ఏదో కదిలింది. తల్లి పాదం చటుక్కున వెనక్కి తీసుకుంది.

గుడ్డపీలిక. తలుపు తెరుచుకుని గాలి వచ్చింది, అంతే. గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నది. లోపలికి వెళ్లి తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని ఆ చుక్క తుడిచింది.

"ఏమీ లేవలేదు చిన్నీ. ఇదిగో, తుడిస్తే పోయింది."

ఈసారి తల్లి అడుగు ముందుకే పడింది. కూతుర్ని బల్ల మీంచి దించి గుండెకి హత్తుకుంది. "నిన్ను చూసి వెనక్కి జరిగానే! నా తల్లీ, నువ్వు ఇన్నాళ్లూ మాకు కాపలా కాస్తున్నావా?"

మర్నాడు అందరూ కలిసే మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. "ఇది జబ్బమ్మా," అందామె. "ఇలాంటివాళ్లని చూసే పాతకాలం వాళ్లు రక్తం తాగే రాక్షసుల కథలు కట్టారేమో. వాళ్లకి మందు తెలీదు. మనకి తెలుసు. కానీ టైం పడుతుంది." తల్లి బ్లేళ్లు బీరువాలో పెట్టి తాళం వేసింది. కోడలు పుట్టింటికి వెళ్లలేదు. అలాగని పిచ్చుకని చిన్ని దగ్గర ఒంటరిగా వదలనూ లేదు. చిన్ని దానికి నొచ్చుకోలేదు.

చాలా రోజుల తర్వాత ఒక పొద్దున కుడుతుంటే చిన్ని వేలికి నిజంగానే సూది దిగింది. మిషను ఆగింది. తల్లి చేతిలో గుండీ అలాగే ఉండిపోయింది. చిన్ని వేలు పెదాల దాకా వెళ్లి ఆగింది. మెల్లగా చెయ్యి పక్కకి చాపింది.

"వదినా... కొంచెం దూది తెస్తావా?"

కోడలు పరుగున వచ్చేలోపే చుక్క నేల మీద పడింది. ముగ్గురూ దాని వైపే చూశారు. తర్వాత చిన్ని మిషను ముందునుంచి లేచి, తడిగుడ్డ తీసుకుని, తనే తుడిచింది.