వెనక్కి తీసుకున్న ప్రశ్న

"ఇది రాసింది ఎవరు?"

భివండీ ఎమ్మెల్యే ఆఫీసులో అర్జీలు పట్టుకుని బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా తలలెత్తారు. గుమ్మంలో వనిత నిలబడి ఉంది. గోదాం డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. చేతిలో ఒక ప్రింటు కాగితం.

కంప్యూటరు ముందున్న యువకుడు ఏం కావాలని మరాఠీలో మర్యాదగా అడిగాడు.

"తెలుగోనివే కద? స్వప్నిల్ గాజెంగి అని పేరు పెట్టుకున్నవ్ టేబుల్ మీద. తెలుగుల మాట్లాడు. ఈ ప్రశ్న రాసింది నువ్వేనా?"

అతను కాగితం అందుకుని చూశాడు. శాసనసభలో ఎమ్మెల్యే సాహెబ్ అడిగిన ప్రశ్న. దాని కిందే విద్యుత్ శాఖ తరఫున మంత్రి రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు.

"నేనే రాసిన. సాహెబ్ పేరు మీద."

"నేను మల్లన్న బిడ్డను. పాండు చెల్లెను. ఇప్పుడు చెప్పు, మా అన్న దొంగనా?"

పోయిన వానాకాలం పాండు శాంతినగర్‌లోని మగ్గాల షెడ్డుకు షిఫ్టుకని బయలుదేరాడు. వాళ్ల సందు మొగలో ఒక కరెంటు డబ్బా ఉంది. డీపీ అంటారు అందరూ. దాని ఇనుప తలుపు ఒక కీలు ఊడి ఎన్నాళ్లుగానో వేలాడుతోంది. సందు నిండా మోకాటిలోతు నీళ్లు. పాండు కాలు జారి, ఆసరాకని ఆ తలుపు పట్టుకున్నాడు. కరెంటు కొట్టింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేయి మణికట్టు దాకా తీసేశారు. మగ్గం మీద తెగిన దారం ముడి వేయాలంటే రెండు చేతులూ కావాలి. మల్లన్న ఈ ఆఫీసుకు తిరిగి తిరిగి బతిమాలితే, సభలో ప్రశ్న వేస్తామన్నారు. వేశారు కూడా.

"చదువు. గట్టిగ చదువు, అందరు ఇంటరు," అంది వనిత.

స్వప్నిల్ గట్టిగా చదవలేదు. భివండీలో కరెంటు పరికరాల నిర్వహణ సరిగా లేక చాలామంది కార్మికులు గాయపడుతున్నారన్నది నిజమేనా? నిజం కాదు. నిజమైతే ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి? ప్రశ్నే ఉద్భవించదు. గాయపడిన వ్యక్తి దొంగ కనెక్షన్ తగిలించుకుంటుండగా ప్రమాదం జరిగినట్టు తెలుస్తోంది.

"తెలుస్తోందట! ఎవలకు తెలిసింది? ఎవలొచ్చి అడిగిండ్రు మా అన్నను? గవర్నమెంటు కాగితం మీద దొంగ అని అచ్చు వడ్డది. మిగిలిన చేతితోని ఏదన్న పని చేస్త అని పోతే ఏ సేఠ్ రానిస్తలేడు. కరెంటు దొంగ వచ్చిండని నవ్వుతున్నరు."

"జెర కూసోండి..."

"కూసోను. నువ్వు రాసింది ప్రశ్ననా, దీపావళి గ్రీటింగా? చాలామంది అంటే ఎవలు? సరిగ లేదంటే ఏం లేదు? మా గోదాంల ఎవలన్న 'సామాన్ ఖరాబ్' అని రాస్తే వాపస్ కొడ్తరు. ఏ సామాను, యాడ వలిగింది అని అడుగుతరు. నువ్వు వాళ్లకు తప్పించుకునే తొవ్వ రాసిచ్చినవ్!"

స్వప్నిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఈ ఆఫీసు నుంచి ఎన్నో ప్రశ్నలు వెళ్లాయి, ఎన్నో జవాబులు వచ్చాయి. జవాబు చదువుకుని కొట్లాటకు వచ్చిన మనిషి మాత్రం ఈమే మొదలు.

"కరెక్టే," అన్నాడు.

ఇంకా చాలా తిట్టాలని సిద్ధమై వచ్చిన వనితకు ఆ ఒక్క మాటతో ఒళ్లు మండిపోయింది.

"ఏం కరెక్టు?"

"మీరన్నది. ప్రశ్న సక్కగ లేదు. కానీ మేడం, సభకు అబద్ధం చెప్పుడు చిన్న లఫ్డా కాదు. ఇగ ఈ జవాబును వాళ్లు మింగలేరు, అచ్చయింది. వానాకాలం సమావేశాలల్ల మళ్ల అడుగుదం. ఈసారి మీరు పక్కన కూసోని రాయించండి."

"కూసుంట. నన్నేమన్న భయపెట్టిస్తున్నవా?" అంటూ కుర్చీ లాక్కుంది.

* * *

ఎండలు మాడ్చేస్తున్న రోజుల్లో సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ నార్పోలి, గైబీనగర్, శాంతినగర్ సందులు తిరిగారు. తలుపుల్లేని డీపీలకు ఫొటోలు తీశారు. ఫిర్యాదు చేసి విసిగిపోయినవాళ్లను మాట్లాడించారు.

"మీ బాపు పోయి ఎప్పుడు చెక్ చేసిండ్రు అని అడిగితే వాచ్‌మన్ గూడ జవాబియ్యడు," అని చెప్పాడు స్వప్నిల్ ఒకరోజు. "అదే మాట ఎమ్మెల్యే రాసి అడిగితే మంత్రుల సెక్రటేరియట్, మంత్రాలయం నుంచి కిందికి ఫైలు రావాలె. ఇక్కడి ఇంజనీరు జవాబు రాసి సంతకం చెయ్యాలె. వాని మీది ఆఫీసరు సంతకం చెయ్యాలె. రేపు తప్పని తేలితే ఎవలు రాసిండ్రో తెలుస్తది."

"మరి మొన్న గట్ల సంతకాలు చేసే అబద్ధం పంపిండ్రు కద?"

"మనం నిజమేనా అని అడిగినం, వాళ్లు కాదన్నరు. ఈసారి ఈ డీపీని ఆఖరుసారి ఎన్నడు చూసిండ్రు, చూసినోని పేరేంది అని అడుగుదం. దొంగ కనెక్షన్ అని తేల్చింది ఎవలు, పాండన్నను అడిగిండ్రా అని అడుగుదం. దానికి కాదు అని జవాబు ఉండది."

వనిత అతని వైపు చూసింది. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఎంత తిట్టినా పోకుండా పక్కనే నడుస్తున్నాడు. అది కూడా కోపమే తెప్పించింది.

"ఎప్పుడన్న నవ్వుతవా నువ్వు?" అని అడిగాడు. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"మా అన్నకు చెయ్యి మొలిస్తే నవ్వుత."

అతను ఆమె చేతిలోని సమోసా వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "కోపం సరే. ఆ సమోసా ఏం పాపం జేసింది? పిసికి పిసికి చంపినవ్," అన్నాడు.

వనిత అరచేతిలోకి చూసుకుని గబుక్కున గోడవైపు తిరిగింది. నవ్వు పెదవి దాకా వచ్చి ఆగింది.

ప్రశ్న పంపాల్సిన రోజు తొలి వాన పడింది. ఆఫీసు బయట ఇద్దరూ రేకుల చూరు కింద ఇరుక్కుని నిలబడ్డారు. స్వప్నిల్ కాగితాలను చొక్కా లోపల దోపుకుని, తను సగం వానలో నిలబడ్డాడు.

"నెత్తి తడుస్తున్నది, ఇటు జరుగు."

"నెత్తి తడిస్తే ఆరుతది. కాగితం తడిస్తే నువ్వు నన్ను చంపుతవ్."

వనిత నవ్వేసింది. గట్టిగా, వానకంటే గట్టిగా. అతను ఆ నవ్వును చూస్తూ ఉండిపోయాడు.

ఇంటికి వెళ్లేసరికి పాండు ఎడమచేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. మెతుకులు పళ్లెం బయట పడుతున్నాయి. ఇంతకుముందే నవ్వినందుకు వనితకు తన మీద తనకే కోపం వచ్చింది. అయినా పడుకునేటప్పుడు కళ్ల ముందుకు వచ్చింది వాన కాదు, వానలో తడిసిన తల.

* * *

సభ మొదలవుతుందనగా వనిత ఆఫీసుకు వెళ్లింది. స్వప్నిల్ కుర్చీ ఖాళీగా ఉంది. ప్యూను శుభమ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, మీ ప్రశ్న వాపస్ అయింది. కరెంటు పెద్దసాబ్ వచ్చి సాహెబ్‌తోని చాయ్ తాగి పోయిండు. పోయినంక సాహెబ్ వాపస్ తీసుకుంటున్నట్టు లెటర్ రాయించిండు."

"టైప్ చేసింది ఎవరు?"

శుభమ్ తల దించుకున్నాడు. "స్వప్నిల్ అన్ననే."

ఎదురుగా చాయ్ టపరీ దగ్గర ఉన్నాడతను. బెంచీ మీద ఇంకొందరు కూర్చుని ఉన్నారు. వనిత రోడ్డు దాటిన తీరుకు ఒక రిక్షా బ్రేకు వేసి ఆగిపోయింది.

"ఆ లెటర్ నువ్వు టైప్ చేసినవా?"

"చేసిన."

"నీ చేతులతోని?"

"నా చేతులతోనే."

"మంచిది. నీకు రెండున్నయి కద, పనికొచ్చినయి! ఎంతకు అమ్మినవ్ మా అన్నను? ఎండల ఎంబడి తిరిగింది, సమోసాలు తినిపిచ్చింది, గిందుకేనా?"

అతని ముఖం పాలిపోయింది. బెంచీ మీద కూర్చున్నవాళ్ల వైపు ఒకసారి చూశాడు. "ఇప్పుడేం అడగకు వనితా. ఇంటికి పో."

"పోత. ఇగ నీ మొకం చూడ."

వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. అతను పిలుస్తాడని సందు చివరి దాకా చెవులు రిక్కించుకునే నడిచింది. పిలవలేదు.

తర్వాత రోజులన్నీ తిట్టుకుంటూనే గడిచాయి. గోదాంలో డబ్బాలను విసిరేసినట్టు పెట్టి సూపర్‌వైజర్‌తో మాటలు పడింది. తల్లి ఆగమ్మ కూరలో ఉప్పు లేదంటే ఆమె మీదా అరిచింది. స్వప్నిల్ ఉద్యోగం మానేశాడని ఎవరో చెప్పారు. మానేస్తే మానేశాడు, నాకేంటనుకుంది. అతనేం తిన్నాడో అని ఆలోచన వస్తే తల విదిలించుకుంది.

ఆషాఢం వాన హోరెత్తుతున్న ఒక పొద్దున సందులోకి కరెంటు వాళ్ల బండి వచ్చింది. పాత డీపీని పీకి, కొత్తది ఎత్తైన దిమ్మె మీద నిలబెట్టి తాళం వేశారు. గొడుగు పట్టుకున్న ఒక అధికారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, చెప్పులు బయట విడిచాడు.

"పాండురంగ్ జీ ఉన్నారా? పరిహారం కోసం వారి వాంగ్మూలం కావాలి. సభలో ప్రశ్న వచ్చింది."

ఆగమ్మ చాయ్ పెట్టబోతే వనిత అడ్డుపడింది. "నీళ్లియ్యి అవ్వా. చాయ్ వద్దు."

అధికారి చూపిన కాగితం ప్రకారం ఆ ప్రశ్న అడిగిన సభ్యురాలిది రాష్ట్రంలో ఎక్కడో దూరాన ఉన్న మరాఠ్వాడా. ఆమె పేరు వనిత ఎన్నడూ వినలేదు. కింద జవాబు ఉంది. ఆ డీపీని తనిఖీ చేసిన దాఖలా లేదు. దొంగ కనెక్షన్ అన్న మాటకు ఆధారం లేదు. ఆ నివేదిక రాసిన ఇంజనీరును సస్పెండ్ చేశారు. బాధితుడికి పరిహారం ఇస్తారు. అన్నిటికంటే పైన ఒక వాక్యం: ఇది కొంతవరకు నిజం.

"కొంతవరకా?" వనిత గొంతు లేచింది. "ఏది నిజం కాదట సార్ ఇందుల? చెయ్యి కొంతవరకే పోయిందనా?"

అధికారి నీళ్లు గటగటా తాగేశాడు.

అతను వెళ్లాక పాండు ఆ కాగితాన్ని ఎడమచేత్తో మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత నిటారుగా కూర్చున్నాడు.

"ఆ పోరడు అన్నంత పని చేసిండు," అన్నాడు.

"ఏ పోరడు?"

"స్వప్నిల్. సాహెబ్ ఎన్నడన్న మాట మారుస్తడని, గదే ప్రశ్న ఆ మేడంకు గూడ ముందుగాలనే ఇచ్చి పెట్టిండు. సాహెబ్ వాపస్ లెటర్‌తోని తన రాజీనామా గూడ టైప్ చేసి ఇచ్చిండు. సంగతి బయట వడితే ఆమెను గూడ వాపస్ తీసుకొమ్మని జోరు చేస్తరని ఎవలకు చెప్పలే."

"నీకు చెప్పిండు కద!"

"నాకు, బాపుకు. నా పేరు ఇయ్యాలంటే నన్ను అడగాలె కద."

"ఇంట్ల అందరికి ఎర్క! నాకు తప్ప!"

"నీ నోరు గైబీనగర్ దాకా ఇనవడ్తది చెల్లె. అందుకే," అని పాండు నవ్వాడు. 

అన్న నవ్వుతున్నాడని గమనించే ఓపిక కూడా వనితకు లేదు. గొడుగు మరిచిపోయి బయటికి నడిచింది.

* * *

శాంతినగర్‌లో గాజెంగి వాళ్ల చిన్న షెడ్డులో మగ్గాలు దడదడలాడుతున్నాయి. స్వప్నిల్ ఒక మగ్గానికి నూనె వేస్తున్నాడు. గుమ్మం దగ్గర అతని తల్లి సుశీలాబాయి కండెలు చుడుతోంది.

"బయటికి రా!" అని కేక వేసింది వనిత.

మగ్గాల రొదలో అతనికి వినపడలేదు. "ఆఁ?"

"బయటికి... రా!"

సుశీలాబాయికి మాత్రం వినపడింది. చుడుతున్న కండె పక్కన పెట్టింది.

స్వప్నిల్ వానలోకి వచ్చాడు. దూది పీచు అంటుకున్న జుట్టు మీద చినుకులు పడుతున్నాయి.

"నాకెందుకు చెప్పలే?"

"పాండన్న చెప్పిండా?"

"నేనడిగిందానికి జవాబు చెప్పు! గంతమంది ముందు అమ్ముకున్నవని అన్న. నువ్వు ఒక్క మాట అనలే."

"టపరీల కూసున్నది కరెంటు కాంట్రాక్టర్ మనుషులు. నువ్వు మనసుల కెల్లి తిట్టినవ్. అందుకే ప్రశ్న ఖతమైందని వాళ్లు నమ్మిండ్రు."

"అంటే నా కోపాన్ని వాడుకున్నవా?"

"వాడుకోలే!" అతని గొంతు మొదటిసారి లేచింది. "నాకు కోపం రాదనుకుంటున్నవా? ఆ లెటర్ కొట్టేటప్పుడు కీబోర్డు పలగ్గొట్టాలనిపించింది. నీ వెనకనే ఉరుకొచ్చి చెప్పాలనిపించింది. నువ్వు అరుస్తవ్ వనితా. నాకు అరుసుడు రాదు. రాసుడొక్కటే వస్తది. అది గూడ పోతే పాండన్నకు ఏం మిగుల్తది?"

అతని మాటలో తప్పు లేదని తెలిసి వనితకు ఇంకా కోపం వచ్చింది.

"ఇన్ని రోజులు నిన్ను తిట్టుకుంటనే ఉన్న. తిట్టుకుంట తిట్టుకుంటనే... తిన్నవో లేదో అని..."

"అని?"

"ఏం లేదు."

"తిన్ననో లేదో అని?"

"ఆలోచించిన! చాలా? తిట్టేటోని గురించి గట్ల ఎవలన్న ఆలోచిస్తరా? గదే నా కోపం!"

స్వప్నిల్ కళ్లు తుడుచుకున్నాడు, వాన నీళ్లే కావచ్చు. "నేను రోజు మీ సందుల కెల్లి పోయిన. డీపీ మార్చిండ్రా అని."

"డీపీ కోసమా?"

"డీపీ కోసమైతే వారానికోసారి పోతే సరిపోతుండె."

వనిత ఏదో అనబోయింది. తిట్టు దొరకలేదు.

సుశీలాబాయి గొడుగు విప్పుకుని వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. వనితను పైనుంచి కిందికి చూసింది.

"మల్లన్న బిడ్డవు కద? మా వోని నౌకరి నీ వల్లనే వోయింది."

వనిత తల దించుకుంది.

"పోతే పోనీ. ఆ ఆఫీసుకు పోయినకాడికెల్లి వానికి అన్నం సయిస్తలేకుండె. మొన్న రాజీనామా లెటర్ ఇచ్చొచ్చి కడుపు నిండ తిన్నడు." ఆమె గొడుగు వనిత వైపు వంచింది. "గని బిడ్డా, వీడేమో నోరు తెరువడు. నువ్వేమో మూయవు. రేపు ఇల్లు ఎట్ల నడుస్తది?"

"మంచిగనే నడుస్తది అత్తమ్మా," అనేసింది వనిత.

అన్నాక గానీ అన్న మాట చెవిన పడలేదు. సుశీలాబాయి పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటూ, గొడుగు కొడుకు చేతిలో పెట్టి షెడ్డులోకి వెళ్లిపోయింది. స్వప్నిల్ నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు, గొడుగు ఎటో వంగిపోయింది.

"ఏం చూస్తున్నవ్?" అని కసిరింది వనిత, ముఖమంతా ఎర్రబడగా. "గొడుగు సక్కగ పట్టు. ఇద్దరం తడుస్తున్నం."