బర్రె దగ్గిన రికార్డు

మార్తమ్మ మొగుడికి ఒక్క చెడ్డ అలవాటూ లేదు. ఆమె కష్టమంతా అక్కడే ఉంది. తాగేవాడైతే తిట్టేది, పేకాడేవాడైతే అలిగి రఘునాథపల్లిలో పుట్టింటికి పోయేది, చుట్టుపక్కలవాళ్ళు అయ్యో పాపం అనేవాళ్ళు. జాజ్ రికార్డులు వినే మొగుణ్ణి చూపించి ఎవరి దగ్గర ఏడవాలి? కాజీపేటలో ఏడవాలంటే ముందు జాజ్ అంటే ఏమిటో చెప్పాలి. అది చెప్పడం పూర్తయ్యేసరికి ఏడుపు కాస్తా ఆగిపోతుంది.

సుందర్ రావు రైల్వేలో లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. ఆయన తోటివాళ్ళు రిటైరయ్యాక షుగర్ తెచ్చుకుంటే, ఆయన రికార్డ్ ప్లేయర్ తెచ్చుకున్నాడు. ముందుగదిలో గోడ పొడవునా అర, అందులో నిలువుగా మూడు వందల పైచిలుకు నల్ల రికార్డులు. రోజూ చాయ్ తాగి, ఒకదాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, సూది పెట్టి కళ్ళు మూసుకుంటాడు. విని ఊరుకుంటే బాగానే ఉండేది. వాట్సాప్‌లో 'సూది కింద' అని ఒక గ్రూపు ఉంది. నూట నలభై మంది. ఎవరు ఆ పూట ఏ రికార్డు వింటున్నారో ఫోటో పెట్టి, దాని మీద తమకు తోచింది రాసుకుంటారు. సుందర్ రావుకు తోచింది ఎప్పుడూ రెండు పేజీలకు తక్కువ ఉండదు.

ఆ శనివారం పొద్దున్న కూడా టైపు చేస్తూ పైకి చదువుతున్నాడు.

"'ఇవాళ నా సూది కింద మళ్ళీ ఆ పేరు తెలియని గాయకుడు. ఒక మగవాడు జీవితమంతా ఎవరికీ చెప్పుకోని దుఃఖం ఆ గొంతులో ఉంది. ఒక్కో మాటనూ బరువైన మూటలా దించుతాడు...'"

వెల్లుల్లి ఒలుస్తున్న కూతురు మౌనిక తలెత్తింది. "ఆ మూట ఇంకెన్నిసార్లు దించుతవ్ డాడీ? నెలకు రెండుసార్లు గదే రికార్డు."

"నీకేమెరుక బిడ్డా! ఇయ్యాల చంద్రమౌళి సార్ దాని కోసమే వస్తాండు. హైదరాబాద్ నుంచి మా గ్రూపుల తేజస్వి వస్తాంది. గ్రూపు మొత్తంల ఆ రికార్డు ఉన్నది నా ఒక్కని దగ్గర్నే."

ఆ మాట నిజమే. సికింద్రాబాదులో పాత సామాన్ల మధ్య దొరికింది. పైన అట్ట లేదు, నడుమ అతికించే కాగితాన్ని ఎవరో గీకేశారు. పాడిందెవరో, ఎక్కడ పాడారో తెలియదు. జనం ముందు పాడిన పాట అని మాత్రం తెలుస్తుంది, ఎందుకంటే చివర చప్పట్లు ఉన్నాయి. గోనెసంచుల మీద కొట్టినట్టు మందంగా ఉంటాయవి. మధ్యలో ఎవరో దగ్గుతారు కూడా. ఆ దగ్గు వినగానే మార్తమ్మకు బర్రె గుర్తొస్తుంది.

మౌనిక వెల్లుల్లి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. తల్లి బగారన్నానికి ఉల్లిగడ్డ కోస్తూ తనలో తాను నవ్వుకుంటోంది.

"ఏంది మమ్మీ, నవ్వుతానవ్?"

"మీ డాడీ దుఃఖం చూసి."

"చెప్పు మమ్మీ."

మార్తమ్మ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఆ పాట మగోడు పాడలే. ఆడిది పాడింది. మీ డాడీ దాన్ని మెల్లగ తిప్పుతాండు. మిషనుకు ఓ మీట ఉంటది సూడు, నిమిషానికి ముప్పై మూడు సుట్లు, నలభై అయిదు సుట్లు అని. పెద్ద రికార్డులన్నీ ముప్పై మూడు మీదనే తిరుగుతయని మీ డాడీ లెక్క. ఇది పెద్దదే గని, నలభై అయిదుది."

మౌనిక నోరు తెరిచింది. "నీకెట్ల తెలిసింది?"

"మీ డాడీ ధర్మసాగర్‌ల పెండ్లికి పోయిననాడు దుమ్ము తుడుసుకుంట మీట మార్చి విన్న. మళ్ళ ఎట్లున్నదాన్ని అట్ల పెట్టిన."

"ఎన్ని రోజులైంది?"

"ఏడాదిన్నర."

"మమ్మీ! పోయి చెప్పు మరి! ఆ తేజస్వి ముంగట డాడీ ఇజ్జత్ పోతది!"

మార్తమ్మ కత్తి పక్కన పెట్టింది. ఇప్పుడు నవ్వడం లేదు. "చెప్పిన. రెండేండ్ల కింద ఒక్కసారి చెప్పిన. రెండోసారి చెప్పాలంటే నన్ను అడగాలె."

ఆమె చెప్పిన రోజు ఆ రికార్డు ఇంటికి వచ్చిన రోజే. చంద్రమౌళి అనే రిటైర్డ్ లెక్చరర్ హన్మకొండ నుంచి వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. పకోడీల పళ్ళెం పట్టుకుని వెళ్ళిన మార్తమ్మ పాట వింటూ నిలబడిపోయింది. చర్చి క్వయర్‌లో ముప్పై ఏళ్ళుగా ఆల్టో, అంటే ఆడవాళ్ళలో కింది గొంతు, పాడుతున్న మనిషి. ఊపిరి ఎక్కడ తీసుకుంటారో, ఎంతసేపు తీసుకుంటారో ఆమెకు తెలుసు. ఈ గాయకుడు ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఇది ఆడమనిషి గొంతు లెక్కున్నది. ఏదో తేడా ఉన్నది" అంది. సుందర్ రావు నవ్వాడు. "ఇది క్వయర్ ప్రాక్టీసు కాదు మార్తా. తెల్వని ముచ్చట్ల ఏలు పెట్టకు. పో, కూర చూడు" అన్నాడు. చంద్రమౌళి సార్ కూడా నవ్వాడు.

అప్పటి నుంచి ముందుగదిలో రికార్డు తిరుగుతుంటే మార్తమ్మ అక్కడ కూర్చోలేదు. సుందర్ రావు ఆ సంగతి గమనించనూ లేదు.

పదకొండింటికి చుట్టాలు కాని చుట్టాలు దిగారు. తేజస్వికి ముప్పై లోపే ఉంటాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రికార్డులున్న సంచీని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. ముందు ఆమె తెచ్చిన పియానో రికార్డు పెట్టారు.

"ఈయన వాయించేది తక్కువ, ఆగేది ఎక్కువ అంకుల్. వాన వెలిసినాక చూరు నుంచి చుక్కలు పడ్డట్టుంటది. తర్వాతి చుక్క ఎప్పుడా అని మనం ఎదురుచూస్తాం" అంది.

తర్వాత చంద్రమౌళి సార్ తెచ్చిన శాక్సఫోన్. "ఇదైతే పక్కింటాయన మనతోని గొడవకు వచ్చినట్టుంటది. మొదలు చిరాకు. పది నిమిషాలకు ఆయన చెప్పేది కూడ న్యాయమే గదా అనిపిస్తది" అన్నాడు సార్.

వంటింట్లో మార్తమ్మ గరిటె ఆ రికార్డులోని డ్రమ్ములకు సరిగ్గా కలుస్తోంది. ఆ పిల్ల మాటలు ఆమెకు నచ్చాయి. పియానో గురించి తనకూ ఒక మాట తోచింది. చెప్పడానికి పక్కన మటన్ తప్ప ఎవరూ లేరు.

చివరికి సుందర్ రావు లేచి తన రికార్డు పెట్టాడు. బరువైన గొంతు గదంతా పరుచుకుంది. వెనక డ్రమ్ము, ఇష్టం లేని కోడలు వాకిలి ఊడ్చినట్టు, గీసుకుంటూ గీసుకుంటూ వస్తోంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. అంతలో తేజస్వి ఒక కన్ను తెరిచి వంటింటి వైపు చూసింది.

"ఆంటీ, మీరూ రండి. వంట తర్వాత చేసుకోవచ్చు."

"ఆమెకు ఇవి పట్టవమ్మా" అన్నాడు సుందర్ రావు, కళ్ళు తెరవకుండానే.

గరిటె చప్పుడు ఆగింది.

మార్తమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గది దాటి, మొగుణ్ణి దాటి, ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడని ఆ మిషను దగ్గరికి తిన్నగా వెళ్ళి మీట తిప్పింది.

గొంతు ఒక్క ఊపున పైకి లేచింది. మగవాడు మాయమయ్యాడు. ఒక ఆడమనిషి, మంచి పడుచుదనం మీద ఉన్న ఆడమనిషి, ఎవరినో ఆటపట్టిస్తూ హుషారుగా పాడుతోంది. డ్రమ్ము చకచకా పరుగెత్తింది. బర్రె దగ్గింది. ఈసారి అది శుభ్రంగా మనిషి దగ్గు. చివర చప్పట్లు గలగలమన్నాయి, వాటి మధ్య పాడినామె కిలకిలా నవ్వింది.

సూది ఖాళీ గీతలో గరగరమంటోంది. ఎవరూ ఎత్తలేదు.

"నేను ఈ దుఃఖం మీద మూడు వ్యాసాలు రాసిన" అన్నాడు చంద్రమౌళి సార్, నీరసంగా.

"వాటిని కూడ జర జల్ది చదువుకుంటే సరిపోతది సార్" అంది మార్తమ్మ.

తేజస్వి నవ్వు ఆపుకోలేక సంచీలో తల పెట్టింది. సుందర్ రావు ముఖం మాత్రం ఎర్రబడింది.

"నీకు ముందుగాల్నే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఊకున్నవా? నూట నలభై మంది ముంగట నేను పిచ్చోని లెక్క రాసుకుంటాంటే సూసుకుంట కూసున్నవా? నవ్వుకున్నవా?"

"నవ్వుకున్న. అబద్ధమెందుకు."

"డాడీ" అంది మౌనిక గుమ్మంలోంచి. "ముప్పై నాలుగేండ్లు పట్టాల చప్పుడు విని, మీటర్ చూడకుండ బండి ఎంత స్పీడుల పోతాందో చెప్పినవ్. దీని స్పీడు నీకెట్ల తెల్వలే?"

ఆయన కూతురి వైపు చూడకుండా భార్య వైపే తిరిగాడు. "ఒక్క మాట చెప్పొచ్చు గదా మార్తా!"

"చెప్పిన." ఆమె ఆయన వైపు తిరిగింది. "తెచ్చిననాడే చెప్పిన. పో, కూర చూడు అన్నవ్. కూర గంట ముంగట్నే అయింది. స్టవ్ బందు చేసి ఉన్నది. అయినా పోయి ఆ స్టవ్ ముంగట నిలబడ్డ. క్యాసెట్లున్నప్పటి సంది ఇద్దరం కలిసే విన్నం. నువ్వు డ్యూటీకెల్లి ఏ యాళ్ళకొచ్చినా ఒక్క పాటన్న విన్నాకనే అన్నం తిన్నం. రెండేండ్లాయె, నేను గోడ అవతల్నుంచి ఇంటాన. 'మార్త ఏది' అని ఒక్కనాడన్న అడిగినవా?"

కన్నీళ్ళు వచ్చాయి. వాటిని తుడుచుకునే తీరిక కూడా లేనట్టు ఆమె వంగి, ఇంకా గీసుకుంటున్న సూదిని మెల్లగా ఎత్తి పక్కన పెట్టింది. ఆ పని ఆయన కంటే నేర్పుగా చేసింది.

"ఆనాడు నేను కూడ నవ్విన చెల్లె" అన్నాడు చంద్రమౌళి సార్, చేతిలోని కప్పు వైపు చూస్తూ.

సుందర్ రావు రెండేళ్ళలో తను విన్న పాటలన్నీ గుర్తు చేసుకుంటున్నట్టు కూర్చున్నాడు. వాటిలో ఒక్కదాంట్లోనూ పక్కన ఆమె ఉన్నట్టు గుర్తు రాలేదు కాబోలు. తర్వాత ఫోన్ తీసి, గ్రూపుకు వాయిస్ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాడు.

"అందరికీ నమస్తే. సుందర్ రావును. ఒక చిన్న సవరణ. ఆ పేరు తెలియని రికార్డు మధ్యన కాగితం పోయింది గనుక, దాని స్పీడు విషయంలో..."

మధ్యలో ఆగాడు. తను చెప్తున్నది తనకే నచ్చలేదు. మెసేజ్ చెరిపేసి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

"గ్రూపోళ్ళకు పొద్దుమీకి చెప్త" అన్నాడు. లేచి భార్య ఎదురుగా నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్ళు రైలు నడిపిన మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "స్పీడు తప్పు ఎవ్వలన్న చేస్తరు మార్తా. అది నాకు బాధ లేదు. నీ అంత చెవి ఈ గదిల ఎవ్వలికీ లేదు, నాకెరుక. ఎరుకుండి కూడ సార్ ముంగట నిన్ను లోపలికి పంపిన. పంపినంక మర్చే పోయిన. ఆ ముచ్చట సార్ ముంగట్నే అన్న, సార్ ముంగట్నే చెప్తాన. తప్పు నాదే."